వంతెనకు అవతలి సగం

రాత్రి కురిసిన వాన కంకరనంతా పక్కలకు తోసేసి, దారి నడుమ వేలెడు లోతు చాళ్ళు తీసింది. కాసిల్దా ఇనప పళ్ళ దంతెతో ఆ కంకరను మళ్ళీ నడిమికి లాగుతోంది. లాగడం, పరచడం, బూటు మడమతో అదమడం. రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ లాగడం. సైకిలు చక్రం జారేది పెద్ద గోతిలో కాదు, కంటికి ఆనని చిన్న చాలులోనేనని ఆమెకు బాగా తెలుసు. పెద్ద గొయ్యిని ఎవరైనా చూసుకుంటారు.

మనిషి పొట్టి. అరవై రెండేళ్ళ వయసు. ముక్కు మీద తోలు ప్రతి వేసవిలో ఊడి, మళ్ళీ వచ్చి, ఇప్పుడు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. మణికట్లు మాత్రం మగవాడివంత లావు. ఆరో ఏట వచ్చిన జ్వరం ఎడమ చెవిని తీసుకుపోయింది కనుక తల ఎప్పుడూ కాస్త ఎడమకు తిప్పి, కుడి చెవిని లోకానికి అప్పగించి పని చేస్తుంది. చూసేవాళ్ళకు ఆమె ఎవరో చెప్పే మాట శ్రద్ధగా వింటున్నట్టు ఉంటుంది.

ఆమెకు అప్పగించిన దారి పదకొండు కిలోమీటర్లు. పాత రైలు గేటు పక్కనున్న ఇంటి దగ్గర మొదలై, ఆలివ్ తోటల మధ్య సాగి, కొండను చీల్చిన సందులోంచి, ఒక సొరంగంలోంచి పోయి, నది మీది వంతెన నడిమిన ఆగిపోతుంది. అక్కడ నేల మీద తెల్లగీత ఉంది. గీత ఇవతల ఈ ఊళ్ళ ఉమ్మడి కార్యాలయం పని, అవతల ఇంకొకరి పని. పందొమ్మిదేళ్ళలో కాసిల్దా ఆ గీత దాటలేదు. దాటి ఆరు కిలోమీటర్లు పోతే తోర్రేసాల్వా స్టేషను. అక్కడ ఆమె అక్క ఒబ్దూలియా ఉంటుంది.

ఒకప్పుడు ఈ దారి మీద రైలు నడిచేది. వాళ్ళ నాన్న పట్టాల ముఠాకు మేస్త్రీ. అమ్మ గేటు వేసేది, అమ్మ తరవాత పద్దెనిమిదేళ్ళ కాసిల్దా వేసింది. రోజుకు నాలుగు రైళ్ళు. ఆమెకు ఇరవై నాలుగు నిండిన ఏడు రైలు ఆగిపోయింది. గేటింట్లో ఆమె మిగిలింది. చలికాలం ఆలివ్ కాయలు రాల్చింది, ఎండాకాలం సత్రంలో దుప్పట్లు ఉతికింది. పెళ్ళి మాట రెండుసార్లు వచ్చి, వచ్చిన దారినే పోయింది. పట్టాలు తుప్పు పట్టాయి.

అక్క మొగుడు ఫుల్హెన్సియో మాత్రం రైలును వదల్లేదు. పద్దెనిమిదేళ్ళు అర్జీలు పెట్టాడు, ఆఫీసుల ముందు కూర్చున్నాడు. చివరికి పట్టాలు పీకేశారు, కంకర పోసి సైకిళ్ళకు దారి చేశారు. దారి చూసుకునే మనిషి కావాలంటే కాసిల్దా వెళ్ళి పేరు రాయించుకుంది. ఆ వారమే ఒబ్దూలియా గేటింటికి వచ్చింది. కూర్చోలేదు.

"నాన్న వేసిన పట్టాలు పీకిన చోట నువ్వు చీపురు పట్టుకుని ఊడుస్తావా? సిగ్గు లేదూ!"

"రాని రైలు కోసం నువ్వూ నీ మొగుడూ కూర్చోండి. నాకు పని కావాలి."

"ఆ దారి మీద నేను కాలు పెడితే ఒట్టు."

అంతే. మూడేళ్ళ క్రితం ఫుల్హెన్సియో పోయాడని తెలిసినప్పుడు కాసిల్దా సంతాపపు నల్లబట్టలు కట్టుకుని గీత దాకా నడిచింది. గంటసేపు కింద నదిని చూసింది. వెనక్కి తిరిగి వచ్చింది. తన జీవితంలో ఆమె సిగ్గుపడే పని అదొక్కటే.

పొద్దెక్కింది. తోర్రేసాల్వా వైపు నుంచి ఇద్దరు సైకిళ్ళవాళ్ళు వచ్చారు. ఇంకా మలుపు తిరగకముందే బెల్లు కొట్టారు. దగ్గరికొచ్చి ఆమె కుడిపక్కకు తప్పుకుని, చెయ్యెత్తి పోయారు. ఇటు నుంచి వచ్చేవాళ్ళు ఎప్పటిలాగే ఎడమో కుడో చూడకుండా దూసుకుపోతున్నారు, ఆమె పక్కకు గెంతాల్సి వస్తోంది. అటు నుంచి వచ్చేవాళ్ళకు మాత్రం ఈ ఏడు వసంతం నుంచి ఎక్కడలేని మర్యాద వచ్చింది. ఆ వైపు ఎక్కడో బోర్డు పెట్టి ఉంటారులే అనుకుందామె.

కొండసందులో రెండు రాళ్ళు పడి ఉన్నాయి. ఒకటి తోసింది. రెండోది తన నడుమంత ఉంది, ఒంటిచక్రపు బండిలోంచి గడ్డపార తీసి దాని కింద దూర్చి, గడ్డపార మీద కూర్చుని, ఊగి ఊగి దొర్లించింది. సొరంగం అవతలి నీటితొట్టి దగ్గర కూర్చుని రొట్టె కోసి, టమాటా రుద్ది, నూనె పోసుకుంటుండగా కేక వినిపించింది.

"ఇదిగోనమ్మా, నీ కుడిపక్కనే వస్తున్నా! బెల్లు పాడైంది, అందుకని అరుస్తున్నా! వినబడుతోందా?"

"కొండ అవతల మేకలక్కూడా వినబడింది," అంది కాసిల్దా.

సైకిలు నడిపించుకుంటూ వచ్చినామె నలభై అయిదేళ్ళ భారీ మనిషి. వెనక టైరులో గాలి లేదు. పేరు ఇత్సియార్, ఉత్తరాన బిల్బావోలో సిటీబస్సు డ్రైవరు.

"పాతికేళ్ళుగా బస్సు తోలుతున్నా. వెనకాల హారను కొట్టే వెధవ ఒక్కడూ లేని దారి ఇన్నాళ్ళకు దొరికింది. తీరా చూస్తే ముల్లు దొరికింది."

"ఇలా తే, పిల్లా."

"పిల్లనా! అను, అను. మా అమ్మ పోయాక నన్నలా అన్నవాళ్ళు లేరు."

కాసిల్దాకు సైకిలు తొక్కడం రాదు. పంక్చరు వేయడం మాత్రం వచ్చు. ట్యూబు ఊడదీసి తొట్టిలో ముంచింది. బుడగలు వచ్చిన చోట వేలు పెట్టి, ఆరబెట్టి, గీకి, ముక్క అంటించి బొటనవేలితో అదిమి పట్టుకుంది. పట్టుకునే అడిగింది.

"కుడిపక్కన రావాలని నీకెవరు చెప్పారు?"

"అదా! తోర్రేసాల్వా స్టేషన్లో కాఫీ పోసే పెద్దావిడ. ఈ ఏడే తెరిచిందట కొట్టు. వచ్చిన ప్రతివాడికీ అదే పాఠం. 'వంతెన దాటాక దంతె పట్టుకుని ఒకామె ఉంటుంది. ఎడమ చెవి వినబడదు. దూరం నుంచే బెల్లు కొట్టండి, కుడిపక్కన పోండి. దానికి మీ సైకిలు తగిలిందో, తిరిగొచ్చేటప్పుడు కాఫీలో ఉప్పు వేస్తా.' పాఠం అప్పజెబితే గానీ బిస్కెట్టు పెట్టదు. ఇటు వచ్చి తిరిగి వెళ్ళిన వాళ్ళనయితే కూర్చోబెట్టి అడుగుతుంది, ఉందా, చిక్కిందా, ఎండలో టోపీ పెట్టుకుందా అని."

కాసిల్దా బొటనవేలు ట్యూబు మీదే ఉండిపోయింది. ముక్క ఎప్పుడో అంటుకుంది.

"ఆవిడ లావుగా ఉంటుందా?"

"లావా? పుల్లలా ఉంది. మోకాలు పట్టుకుని నడుస్తోంది. నోరు మాత్రం బస్సు హారనే."

"సైకిళ్ళవాళ్ళకు కాఫీ పోస్తోందా? ఆమేనా?" కాసిల్దాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎటో తిరిగి కళ్ళలోకి పోయింది. మణికట్టుతో తుడుచుకుంది. "ఈ దారి మీద కాలు పెట్టనని ఒట్టేసుకుంది."

"ఎవరావిడ?"

"మా అక్క."

ఇత్సియార్ గొంతు తగ్గింది. "ఆ దంతె పట్టుకున్నామె ఎవరని నేనూ అడిగాను. 'పని చేసుకునే మనిషి, నీకెందుకు' అంది. సరే, నేను పోయేది ఇటు. నీ కబురు అటు మోయలేను. చెప్పాలంటే నువ్వే పోవాలి."

"పని ఉంది."

"ఉంటుంది. పని ఎక్కడికి పోతుంది?"

రొట్టె సగం ఆమెకు పెట్టి పంపింది కాసిల్దా. తరవాత మళ్ళీ దంతె పట్టుకుంది. ఎండ పశ్చిమానికి వాలేదాకా లాగింది, పరిచింది, అదిమింది. ఈ పందొమ్మిదేళ్ళూ అక్క పలకడం లేదనే అనుకుంది. ఈ వసంతం నుంచి పలుకుతూనే ఉంది, ఊరూ పేరూ తెలియని వాళ్ళతో. మొదటి సైకిలువాడిని ఆపి మొదటిసారి ఆ మాట చెప్పడానికి ఒబ్దూలియా ఎంత ఉక్రోషం మింగి ఉంటుందో! ఆ పొగరు కాసిల్దాకు తెలుసు. ఇద్దరికీ నాన్న పంచి ఇచ్చిందే.

అయిదు గంటలకు వంతెన చేరింది. కింద నది వాననీటితో ఎర్రగా, తొందరగా పోతోంది. కంకర సర్దుకుంటూ తెల్లగీత దాకా వచ్చింది. అక్కడితో పని అయిపోయింది. రోజూ అక్కడ దంతె బండిలో వేసుకుని వెనక్కి తిరుగుతుంది.

గీతకు రెండు బారల అవతల ఒక చాలు ఉంది. లోతు లేదు, కానీ చక్రం పట్టేస్తుంది. అవతలివాళ్ళ పని. వాళ్ళు సోమవారం గానీ రారు. కాసిల్దా దంతె చాపి లాగింది. అందలేదు. ఒక అడుగు వేసి లాగింది. దాని పక్కనే ఇంకొకటి ఉంది, దాన్నీ పూడ్చి మడమతో అదిమింది. వెనక్కి తిరిగి చూస్తే గీత మూడు బారల దూరంలో ఉంది.

 తరవాత దంతెను ఒంటిచక్రపు బండిలో పెట్టి, బండిని వంతెన గోడవారకు తోసింది. చేతి తొడుగులు తీసి గోడ మీది ఇనప కమ్మీకి తగిలించింది. జుట్టు సవరించుకుని, ఉత్త చేతులతో తోర్రేసాల్వా వైపు నడిచింది. వేగంగా నడిస్తే కొట్టు కట్టేసేలోపు చేరవచ్చు.

మర్నాడు పొద్దున కార్యాలయంలో ఎవేలియో ఫోనెత్తాడు. అతను కాసిల్దాకు పైఅధికారి.

"మా చెల్లెలు ఇవాళ పనికి రాదు," అంది ఒక గొంతు, ఫోను అవసరం లేనంత గట్టిగా.

"ఎవరండీ మీ చెల్లెలు?"

"ఎవరేమిటి! నీ దగ్గర పందొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు మానని మనిషి ఇంకెవరుంది? నిద్రపోతోంది. లేపను. రేపూ లేపను. లేచాక దానికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడొస్తుంది, ఇక్కణ్ణించే వస్తుంది. దాని బండి వంతెన మీద ఉంది, తీసుకుపో."

ఎవేలియో నవ్వుకుని, జీపు వేసుకుని పనిముట్ల కోసం వంతెన మీదికి వచ్చాడు. బండినీ దంతెనూ ఎక్కించుకున్నాడు. కమ్మీ వైపు చూడలేదు. అరచేతుల్లో అరిగి నల్లబడిన ఆ తొడుగులు మంచుకు తడిసి, వేళ్ళు ఇంకా పిడి చుట్టూ ముడుచుకున్నట్టే ముడుచుకుని, వంతెన అవతలి సగంలో గాలికి మెల్లగా ఊగుతున్నాయి.