ముందే తెలిసిన అక్క

సెలవు పెట్టిన మనిషికి బదులుగా ఆ వారం ఊరి చివరి క్లినిక్‌లో కూర్చోవాల్సి వచ్చింది కౌన్సెలర్‌కు. సుఖవ్యాధులతో వచ్చేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం, చెక్క నమూనాకు కండోమ్ తొడిగి చూపించడం ఆమె పని. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు బంగాళాదుంప చెక్కు తీసినంత మామూలుగా చేసేస్తుంది. ఆ రోజు నమూనా చేతిలో ఉండగానే తెర తోసుకుని ఒకడు వచ్చాడు. చెల్లెలి మొగుడు.

ఎవరూ గుర్తుపట్టరని అంత దూరం వచ్చినవాడు ఆమెను చూసి కొయ్యబారిపోయాడు.

"వదినా, మీరా..."

"కూర్చో. సిఫిలిస్ అని డాక్టర్ చెప్పాడా?"

తలూపాడు. ఒక్కసారే తప్పు జరిగిందన్నాడు. అందరూ అదే అంటారు.

"ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. కానీ చెల్లికీ పరీక్ష చేయించాలి. కడుపుతో ఉంది, బిడ్డకు ప్రమాదం. ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా కండోమ్ లేకుండా దగ్గరికి వెళ్లకు."

"ఉన్నట్టుండి కండోమంటే అనుమానపడదూ? దానికి చెప్పకండి వదినా, మీ కాళ్లు పట్టుకుంటా."

"ఇక్కడి మాట నేను బయట చెప్పకూడదు. నువ్వే చెప్పు."

సరేనని వెళ్లాడు. చెప్పలేదు. ఫోన్ చేస్తే కట్ చేశాడు. చెల్లెలి పక్కన కూర్చుని బుల్లి చొక్కాలు కుడుతూ, మొగుడి గురించి అది మురిపెంగా చెప్పే కబుర్లు వింటూ, నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. చివరికి, "గర్భిణులందరికీ చేసే రక్తపరీక్షేనే, పద" అని తను రోజూ పనిచేసే క్లినిక్‌కు తనే తీసుకెళ్లింది.

వ్యాధి ఉందని తేలింది. సమయానికే వచ్చారన్నాడు డాక్టర్.

"ఇదెలా వస్తుందక్కా?"

ఆమె అందరికీ చెప్పేదే చెప్పింది. చెల్లెలి మొహం పాలిపోయింది.

తర్వాతి ఇంజెక్షన్‌కు మొగుడు బండి మీద తీసుకొచ్చాడు. అతను బయటే ఉండిపోయాడు. చెల్లెలు ఒక్కతే అక్క గదిలోకొచ్చింది.

"నీకు ముందే తెలుసటగా?"

"తెలుసు. అందుకే కదే నిన్ను పరీక్షకు..."

"తెలిసీ నా పక్కన కూర్చుని చొక్కాలు కుట్టావు."

"వచ్చినవాళ్ల గుట్టు చెప్పకూడదే. నా ఉద్యోగం..."

"ఆయనంటే ఏడ్చాడు, కాళ్ల మీద పడ్డాడు. సర్దుకుంటాను. సర్దుకోక ఈ కడుపుతో ఎక్కడికి పోతాను? నీకేమొచ్చింది?"

ఆమె కండోమ్‌ల ప్యాకెట్ ముందుకు జరిపింది. అది పని.

"సరే, మేడమ్," అంటూ చెల్లెలు దాన్ని సంచిలో వేసుకుని లేచింది.

బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. ఆ కబురు ఫోన్‌లో చెప్పింది మరిది.

"అంతా మీ చలవే వదినా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంక ఆ ప్యాకెట్లు అక్కర్లేదు కదా?"

ఒళ్లు మండిపోయింది. అయినా ఆమె నోట రోజూ గదిలో వినిపించే గొంతే పలికింది. "ఇద్దరూ మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి. అది చూశాకే చెప్పగలం."

"మీ దగ్గరికైతే రానంటోంది."

ఆమె ఇంకో క్లినిక్ అడ్రసు చెప్పింది. అతను రాసుకునేదాకా ఆగి, మళ్లీ ఒకసారి చెప్పింది.