ఎడమచేతి ముడి

ఉప్పే ఎక్కువైంది, నిన్న కలిపిన ఉప్పే, రెండు గల్లులు వేసి ఊరుకోక మూడోది ఎందుకు వేసినట్టు, నాలుక మీద వేసుకుని చూసింది కదా, డబ్బా అడుగున మిగిలిన సముద్రపు నీళ్లు ఒక చుక్క, తాను కలిపిన బావినీళ్లు ఒక చుక్క, రెండూ ఒకటే అనిపించింది, నూలుకు పెట్టే గంజి చిక్కదనాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి చెప్పేదానికి ఉప్పు తెలియదా అని లోపల కాస్త మురిసింది కూడా, ఇప్పుడు చూడు శంకరవ్వా, చూడు నీ మురిపెం, గాజుసీసాలో ఇసుక మీద పక్కకు ఒరిగి పడి ఉంది రొయ్య, కాళ్లు ముడుచుకుని, పచ్చా ఎరుపూ పోయి తెల్లబడి, కాడల మీద నిలబడే ఆ రెండు కళ్లు ఎటూ తిరగకుండా, చచ్చిపోయింది, చెల్లెలి కొడుకు అంబదాస్ మధ్యాహ్నం కామారెడ్డి బస్సెక్కి బొంబాయి రైలుకు పోతాడు, వాడు పోయే రోజే చావాలా ఇది, అక్కడ దీన్నిచ్చిన ముసలాయన అడిగితే ఏం చెబుతాడు వాడు, మా పెద్దవ్వ పదకొండు రోజులు కూడా సాకలేదని చెబుతాడా, తన చేతిలో పెట్టింది ఏది దక్కింది గనుక.

పదకొండు రోజుల కిందట చెల్లెలి కొడుకు ఈ సీసాను తువ్వాలలో చుట్టి తెచ్చి, పసిపిల్లను దించినట్టు గడప లోపల దించినప్పుడు ఆమె నవ్వింది, ఏందిరా ఇది, బొంబాయి నుంచి పెద్దవ్వకు చీర దెస్తరు గని పురుగును దెస్తరా అంటే, పురుగు గాదు పెద్దవ్వా, సముద్రంల రొయ్య, గొల్లభామ లెక్క చేతులు ముడుసుకొని ఉంటది సూడు, మేముండే కాడ పక్క అర్రల దశరథం తాత అని ఒకాయన ఉంటడు, ఆయన సాకుతుండె, మన దిక్కు మనిషే, ఏ ఊరో చెప్పడు, సిరిసిల్ల పోతున్ననంటే పాత మగ్గాల గల్లిల ఎవలెవలున్నరు అని అడిగిండు, నీ ముచ్చట జెప్పిన, ఒక్కతే ఉంటదన్నవు గద, తోడుకు దీసుకపో అని ఇడిసిపెట్టకుండ ఇచ్చిండు అన్నాడు వాడు, రెండు డబ్బాల సముద్రపు నీళ్లు కూడా మోసుకొచ్చాడు పిచ్చోడు, సీసా మూతికి గుడ్డ కట్టి ఉంది, గుడ్డ మధ్యలో నత్త పట్టేంత చిల్లు, ఆ చిల్లులోంచే తిండి వదలాలట, నీళ్లు పోయాలట, ముడి ఇప్పకు, చెయ్యి లోపల వెట్టకు, ఏలు పలుగుతది, జర పైలం అన్నాడు, జానెడు లేదు, దీనికంత బలమెక్కడిదిరా అనుకుంది, మరునాడు వరిమడి గట్టున ఏరుకొచ్చిన నత్తను వదిలితే, రాయి కింది బొక్కలోంచి ముందు కళ్లు వచ్చాయి, ఒకటి నత్తను చూస్తే ఇంకొకటి ఆమెను చూసింది, ఆ తర్వాత టక్కున ఒక్కటే దెబ్బ, చెయ్యి కదలడం కనిపించనే లేదు, నత్తగుల్ల రెండు చెక్కలు, ఆమె పీట మీంచి వెనక్కి పడబోయింది, గోడ మీంచి పక్కింటి గంగుబాయి తొంగిచూసి, ఏందక్కా మల్ల మగ్గమెక్కినవా, చప్పుడైతుంది అంటే, మగ్గం గాదే, ఇంటికి అల్లుడొచ్చిండు, కూర సాలలేదని కొడుతుండు అన్నది, మంచిగైంది తియ్యి, ఇన్నేండ్లకు నీ ఇంట్ల ఒక మొగోడు అరుస్తుండు అని, అన్నాక నాలుక కరుచుకుంది గంగుబాయి.

కోపం రాలేదు, నిజమే కదా, పద్దెనిమిదేళ్లుగా మగ్గం గుంటలో వంటచెరుకు పేర్చుకున్న ఇంట్లో రోజుకు రెండుసార్లు ఆ టక్కుమనే చప్పుడు వినాలని తానే నత్తల కోసం మోకాలి లోతు బురదలో దిగింది, ఈ వయసులో, మూడు రోజుల కిందట అది ఆగిపోయింది, నత్త పక్కనే పాకుతున్నా పట్టించుకోలేదు, బొక్క వాకిలికి గులకరాళ్లు అడ్డం పెట్టుకుని లోపలే ఉండిపోయింది, తలుపేసుకున్న మనిషి అంటే ఆమెకు ముందునుంచీ భయం, గడప దాటేవాళ్లు ఎవరైనా పోయొస్త అనాలి, పోత అంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ పంపుతుంది, గల్లీ అంతా నవ్వుతుంది, నవ్వనీ, వాళ్లెవరూ పోత అన్న మాట విని అన్నం గిన్నె ముందు మాపటిదాకా కూర్చోలేదు.

రజాకార్ల ఏడు అది, వానాకాలం, నాలుగేళ్ల బిడ్డ లింగవ్వ జ్వరం తగిలిన రెండో దినానికే పోయింది, మూడోనాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఉలకక పలకక కూర్చున్న మొగుణ్ని చూసి, ఒక చుక్క కన్నీరైనా లేని ఆ ముఖం చూసి, పోరి ఎందుకు వొయ్యింది, దాని బదులు నువ్వన్న పోకపోతివి అన్నది, తానే, ఈ నోటితోనే, సిద్దిరాములు తలెత్తి చూశాడు, తెల్లవారి పోత అన్నాడు, అంతే, మానేరు వాగు రెండు దరులూ ఒరుసుకుని పారుతోంది, మాపటికి ఒడ్డున ఆయన బట్టల మూట దొరికింది, మనిషి దొరకలేదు, బావ మొండయ్య ఆ మూట తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాడు, పదోనాడు గాజులు పగలగొట్టారు, పుస్తె తీశారు, వాగు మింగింది పాపం అన్నారు అందరూ, ఆమెకు తెలుసు, వాగు కాదు, మాట, ఆ మాట అన్నట్టు ఎవరికీ తెలియదు, చెల్లెలికి కూడా చెప్పలేదు, పద్దెనిమిదేళ్లు అన్నం ముద్దతో పాటు దాన్నీ మింగుతూ వచ్చింది, ఇప్పుడు ఇది, ఈ నోరులేని రొయ్య, దీన్ని కూడా తన ఉప్పే.

తీసెయ్యాలి, వాడు చూడకముందే, నీళ్లు వాసన పట్టకముందే, గుడ్డ విప్పాలి, పదకొండు రోజుల్లో ఎన్నడూ ముట్టని ముడి, కత్తి ఎందుకు, నూలు ముడే కదా, నూలు ముడి విప్పడానికి సాలోళ్ల ఆడదానికి కత్తి కావాలా, చూపుడు వేలు మీద ఆనించి బొటనవేలితో అలవాటుగా కుడిపక్కకు నెట్టింది, రాలేదు, మళ్లీ నెట్టింది, బిగుసుకుంది, అప్పుడు తన ప్రమేయం లేకుండానే వేళ్లు ఆగి, తిరిగి, ఎడమపక్కకు నెట్టాయి, వదులైంది, ఎందుకు తిరిగాయి వేళ్లు, ఎవరు చెప్పారు వాటికి, చేతులు సీసా మూతి మీదే ఉండిపోయాయి, ఎడమచేతి ముడి, తెగిన పోగును అందరూ ఇటు తిప్పి అతికితే ఒక్కడే అటు తిప్పి అతికేవాడు, మామ చెక్కతో వేళ్ల మీద కొట్టినా మానలేదు, కళ్లు మూసుకుని తడిమినా ఇది ఆయన అతికింది, ఇది నేను అతికింది అని ఏరి చెప్పేది తాను, కాదు, ఎడమచేతి వాళ్లు లోకంలో ఒక్కరే ఉంటారా, బొంబాయి మిల్లుల్లో ఎంతమంది, ఊరుకో శంకరవ్వా, ముసలితనానికి ముడులు కూడా ముఖాల్లా కనిపిస్తాయి, ముందు చచ్చినదాన్ని తియ్యి.

గరిటె ముంచి ఎత్తింది, అరచేతిలో వేసుకుంది, బరువు లేదు, ఎండుటాకుకైనా ఇంతకంటే బరువుంటుంది, వీపున నిలువునా చీలిక, లోపల ఏమీ లేదు, కాళ్లున్నాయి, కొట్టే చేతులున్నాయి, కళ్ల మీది పొర కూడా ఉంది, మనిషి మాత్రం లేడు, మనిషి అంటున్నానేమిటి అనుకుంటూ సీసాలోకి చూసింది, గులకరాళ్లు పక్కకు జరిగాయి, రాయి కింది బొక్కలో రెండు కళ్లు, కాడల మీద, ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతూ, ఇంతకుముందుకన్నా మెరుస్తూ, ఆమె అరచేతిలోకి ఒకసారి, సీసాలోకి ఒకసారి చూసింది, చేతిలో చచ్చింది, సీసాలో బతికింది, రెండూ ఒకటే.

మూట, ఆ మూట, దాన్ని విప్పింది కూడా ఈ వేళ్లే, రుమాలులో మడతపెట్టిన పంచె, అంగీ, కింద చెప్పులు, పైన ఎడమచేతి ముడి, వాగు దాటేవాడు బట్టలు తలకు చుట్టుకుంటాడు, వాగులో పడి చావాలనుకున్నవాడు కట్టుబట్టలతో దూకుతాడు, గాలికి కొట్టుకుపోకుండా, ఎవరి కంటనైనా పడేలా, మడతపెట్టి ముడేసి పెట్టేవాడు ఎవరు, పద్దెనిమిదేళ్లు ఇది ఎందుకు అడగలేదు నేను, దండెం మీది రెండో పంచె ఆ దినమే పోయింది, గడబిడ దినాలు, ఎవడో దొంగ ఎత్తుకపోయిండని అత్త తిట్టింది, దొంగ కాదు, దొంగ కాదు, అయ్యో నా తల్లీ, కట్టుకుని పోయిండు, ఒళ్లు మార్చుకుని పోయిండు, నేను పదోనాడు ఏడ్చింది పొట్టుకా, గాజులు పగిలింది గుల్లకా.

వాకిట్లో ట్రంకుపెట్టె దింపిన చప్పుడు, పెద్దవ్వా బస్సు యాళ్లయింది అంటూ అంబదాస్ వచ్చాడు, ఆమె చేతిలోది చూసి, సచ్చిందనుకున్నవా, గది కుబుసం పెద్దవ్వా, పాము లెక్క ఇడుస్తది, మొదలుసారి సూసినప్పుడు తాత గూడ నీ లెక్కనే ఏడ్సిండట, అందరు నవ్విండ్రు అన్నాడు, అప్పుడు తెలిసింది తన ముఖం తడిసిందని, ఆ తాత ఏ చేత్తోని పని జేస్తడురా అని అడిగింది, తినుడు కుడిచేత్తోనే, పనంత ఎడమచెయ్యే, నీకెట్ల ఎరుక అన్నాడు, పిల్లలున్నరటనా అంది, ఒక్క పోరి ఉండెనట, చిన్నప్పుడే వొయ్యిందట, ఇల్లాలు లేదా తాతా అని అడిగితే, ఉన్నది, నేనే లేను అన్నడు, ఏం సమజ్ గాలే, ముసలోడు జర తిక్కలోడు పెద్దవ్వా, గని మంచోడు, నువ్వేంది గట్ల సూస్తున్నవు.

ఏం లేదు బిడ్డా అంది, ఉన్నది, నేనే లేను, ఉత్తరం రాయొచ్చు కదా ఒక్క ముక్క, రాయడు, ఉప్పు పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేను చదువు నేర్చినట్టు ఆయనకు తెలియదు, నాకు చదవ వచ్చిన అక్షరం ఆయన ముడి ఒక్కటే అని ఆయన లెక్క, దాన్నే రాసి పంపాడు, విప్పకపోతే విప్పకపోయె, విప్పితే ఎరుకైతది అని, పదకొండు రోజులు ఆ ఉత్తరం మీదుగా నత్తలు వేశాను నేను, ఎంత నిమ్మళంగా పోయాడు, పంచె మార్చుకుని, పేరు మార్చుకుని, నన్ను ముండమోపిని చేసి, వాడకట్టు పెండ్లిళ్లలో పసుపు దంచేకాడ నన్ను వెనక్కి జరిపిన ప్రతిసారీ ఆయన ఎక్కడో అన్నం తింటున్నాడు, బతుకుతూ, నడుస్తూ, రొయ్యను సాకుతూ, సీసా ఎత్తి నేలకు కొడదామనిపించింది, చేతులు లేచాయి కూడా, బొక్కలోంచి ఆ కళ్లు చూశాయి, కొత్త తోలు గట్టిపడేదాకా దెబ్బ కొట్టలేదట, అడ్డం పెట్టుకోను రాళ్లు తప్ప ఏమీ లేవట, అంబదాస్ చెబుతున్నాడు, చేతులు దిగాయి.

కుబుసాన్ని అదే గుడ్డలో పెట్టింది, కాలు విరగకుండా, నాలుగు కొసలూ దగ్గరికి లాగి అదే నూలుతో కట్టింది, కుడిపక్కకు తిప్పి, తన ముడి, బిగించి, పండ్లతో కొస కొరికి, ఇది మీ తాతకియ్యి అంది, కుబుసం ఏం జేసుకుంటడు పెద్దవ్వా, ఏమని జెప్పాలె అంటే, ఏం జెప్పకు, ముడి జూస్తే ఆయనకే ఎరుకైతది, రొయ్య నా దగ్గరనే ఉంటది, సాకుతనని మాత్రం జెప్పు అంది, వాడు తలగోక్కుని మూటను అంగీ జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు, ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని తొందరలో పోత పెద్దవ్వా అన్నాడు, అని నాలుక కరుచుకుని గడపలో ఆగాడు, ఇక వెనక్కి పిలుస్తుందని, నీళ్లు తాగమంటుందని, ఆమె పిలవలేదు, పో బిడ్డా, బస్సందదు అంది, వాడు వింతగా చూసుకుంటూ గల్లీ మలుపు తిరిగాడు, ఆమె కొంగుతో సీసా మూతి కప్పి, నాలుక కొస మీద ఆ నీళ్లు ఒక చుక్క వేసుకుంది, సరిగ్గానే ఉంది, ఉప్పు ఎక్కువ కాలేదు, ఎవరూ చావలేదు, తన మాటకు ఎవరూ చావలేదు.