అమ్మ మడమ

అయినా చీము వాసన ఇంత తొందరగా పోతుందా, మొన్నటిదాకా ఈ గది తలుపు తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చేది, ఇవాళ నర్సమ్మ కట్టు విప్పుతుంటే స్పిరిటు వాసన తప్ప ఇంకేమీ లేదు, దుకాణంలో ఎన్ని పాదాలకు చెప్పులు తొడిగాడో గానీ చెప్పుల వ్యాపారి ఇంత అందమైన మడమ ఎన్నడూ చూడలేదు, ఎర్రగా, శుభ్రంగా, కొత్త కండ పట్టిన అమ్మ మడమ, కాలు తీసే పని లేదండీ అని పెద్ద డాక్టరు ఇప్పుడే చెప్పి వెళ్లాడు, కాలు దక్కింది, దక్కింది, ఎగిరి గంతేద్దామంటే పక్క మంచాల వాళ్లు చూస్తున్నారు.

తన మనవరాలి గడ్డకు డాక్టరు రాసిచ్చిన మాత్రలు, గడ్డ అణగగానే ఇక చాల్లే అని సగంలో ఆపించింది తనే, మిగిలినవి అమ్మ పుండుకు వేసిందీ తనే, ఒకే ఇల్లు, ఒకే పురుగు, మందు మాత్రం వేరెందుకు అనుకున్నాడు, చిన్నపిల్ల చెప్పు ముసలమ్మ కాలికి తొడగబోయేవాణ్ణి తన కొట్లో అయితే ఆ పూటే సాగనంపేవాడు, మనవరాలికి గడ్డ మళ్లీ లేచింది, అమ్మకు జ్వరం మండిపోయింది, అప్పుడు పరీక్షల గదిలో డాక్టరమ్మ పురుగులను పెంచి చూసిన రెండు గాజుపళ్లేలు ముందు పెట్టి, ఇది పాప చీములోదండీ, మీరు వాడిన మందే ఈ బిళ్లలో ఉంది, దీని చుట్టూ ఖాళీ చూశారా, పురుగు దగ్గరికే రాలేదు, ఇది అమ్మగారిది, అదే మందుబిళ్లను ఆనుకునే పెరిగింది, రెండూ స్టాఫ్ అనే ఒకే జాతి పురుగులే, ఆవిడ ఆసుపత్రులు తిరిగి తిరిగి ఎన్ని మందులు వాడారో, ఇది వాటికి రాటుదేలింది, పిల్లల్లో మొండివి ఉండవని కాదు, అందుకే వయసు చూసి ఊహించం, పరీక్షించి ఇస్తాం అంది, ఇచ్చింది, సూదిమందు, ఆ మొండిఘటం తోక ముడిచింది!

ఏరా, గుడ్లప్పగించి చూస్తావేం, కాలి సైజు కొలుస్తున్నావా, ఈసారైనా మెత్తని జోడు తే, అమ్ముడుపోని సరుకంతా నా కాళ్లకే తగిలిస్తావు, అమ్మ గొంతు, పాత గొంతే, ఆ తిట్టు ఎంత తియ్యగా ఉంది, నర్సమ్మ ముసిముసిగా నవ్వుతూ, బాబాయిగారూ, ఇంటికెళ్లాక మాత్రలు చెప్పినన్నాళ్లూ వేయాలి, మానిందని మధ్యలో ఆపకండి అంటోంది, కొంచెం తగ్గించుకోరాదా తల్లీ అన్న అలవాటు మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు, మనిషితో ఆడొచ్చు బేరం, చెప్పుల కంపెనీతో ఆడొచ్చు, పురుగుతో ఆడితే తగ్గించిన ప్రతి మాత్రా దాని పక్షానికే పోతుంది, ఒక్కటి కూడా తగ్గేది లేదు, అమ్మకూ లేదు, మనవరాలికీ లేదు.