కొసరు పొట్లం

మొగుళ్లపల్లిలో కొమురమ్మ కారం పట్టే గిర్నీ నుంచి కొసరు లేకుండా ఎవరూ వెళ్లరు. తూకం అయ్యాక ఇంకో పిడికెడు వేస్తేగానీ ఆమెకు బేరం ముగిసినట్టుండదు. ఇట్లా పిడికిళ్లు పంచుకుంటూ కూర్చుంటే గిర్నీ గిర్నీగానే ఉంటుందని కూతురు స్రవంతి పోరు.

స్రవంతి భూపాలపల్లిలో శిక్షణకు వెళ్లొచ్చింది. గిర్నీని చిన్న పరిశ్రమగా నమోదు చేయించి, సర్కారు కొనుగోళ్ల పోర్టల్‌లో తమ కారాన్ని పెట్టింది. ఫొటో బాగాలేదని ఒకసారి, ల్యాబ్ రిపోర్టు లేదని ఒకసారి తిప్పి పంపారు. విసుక్కుంటూనే మళ్లీ పెట్టింది. చివరికి ఒక పోలీసు బెటాలియన్ మెస్ నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. ఇది సరిగ్గా అందితే మిగతా మెస్సులూ అడుగుతాయి. తిరిగొస్తే మొదట్లోనే పేరు చెడుతుంది.

సరుకు తీసుకెళ్లే రోజు కొమురమ్మ కూడా బయల్దేరింది. పెళ్లికి పోతున్నట్టు కొత్త చీర కట్టి, ట్రాలీ ఆటో ముందు సీట్లో కూతురిని ఆనుకుని కూర్చుంది.

బెటాలియన్‌లో స్టోరు అధికారి ప్యాకెట్లు తూచాడు. రంగును నమూనాతో పోల్చాడు. అన్నీ సరిపోయాయి. సంతకానికి పెన్ను తీసేసరికి కొమురమ్మ కొంగుచాటు నుంచి పొట్లం తీసి ఆయన ముందు పెట్టింది.

"కొసరు, నాయినా. ఇంటికి తీస్కపో. తొక్కుకు మంచిగుంటది."

అధికారి పెన్నుకు మూత పెట్టేశాడు. సరుకు తీసుకునేవాడి చేతిలో ఇట్లాంటివి పెడితే ఏమంటారో తెలుసా అని స్రవంతిని నిలదీశాడు. ఈమె ఎవరని అడిగాడు.

స్రవంతి ఇన్నాళ్ల తిప్పలు ఆ పెన్ను దగ్గర ఆగిపోయాయి.

"మా మనిషి కాదు సార్. సరుకు దించనీకి వచ్చిన కూలామె. తెల్వక పెట్టింది."

కొమురమ్మ కూతురి వైపు చూడలేదు. పొట్లం తీసి కొంగున ముడేసుకుంది. గుమ్మం దగ్గర మిగిలిన అట్టపెట్టెను నెత్తికెత్తుకుని లోపలికి మోసింది. అది చూశాక అధికారి సంతకం పెట్టాడు.

రసీదు పట్టుకుని స్రవంతి బయటికి వచ్చింది. కొమురమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఖాళీ ట్రాలీలోకి ఎక్కుతోంది. ముందు సీట్లోకి రమ్మని తల్లిని 'అవ్వా' అని పిలవబోయి స్రవంతి ఆగిపోయింది.

"సారు కిటికీలకెల్లి సూస్తుండు బిడ్డా," అంది కొమురమ్మ మెల్లగా. "నువ్వు ముంగట కూసో."