వంటిల్లు నూట ముప్పై ఒక్క కిలోలు

"నీ ఉద్యోగమే తూకాలది కదా, మన ట్రైలర్‌ని ఏ బండి లాగుతుందో నువ్వే చూసి చెప్పు" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం, పెసరట్టు తుంచుకుంటూ. ఉమామహేశ్వరి పెనం దగ్గర నిలబడి ఉంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదయింది. అత్తగారు రాజ్యమ్మకు అల్లం లేకుండా రెండు, కూతురు కాత్యాయనికి ఉల్లిపాయ లేకుండా ఒకటి, ఆయనకు అన్నీ వేసి మూడు పోసి, తన అట్టు తను వేసుకునేసరికి పచ్చడి అయిపోయింది. అది ప్రతివారం జరిగేదే. పదహారేళ్ళ కాపురంలో ఆయన ఒక వస్తువు ఎంపిక ఆమెకు వదిలేయడం మాత్రం కొత్త. "నువ్వు ఏది చెబితే అదే కొందాం" అని కూడా అన్నాడు.

ట్రైలర్ అప్పటికే కొనేశాడు. దుబాయ్ వదిలి సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక తెల్లాయన అమ్మాడు. లోపల ఇద్దరు పడుకోవచ్చు, పక్కకు గుడారం వేస్తే మరో ఇద్దరు. వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. తాము ఉండే కరామాలో కారు పెట్టుకోవడానికే చోటు దొరకదు కాబట్టి, దాన్ని షార్జాలో ఆయన స్నేహితుడు మంగరాజు ఇంటి ఆవరణలో పెట్టారు. తమ పాత కారు దాన్ని లాగలేదన్న సంగతి కొన్న తరవాత తెలిసింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది రాజ్యమ్మ. కొడుకు నవ్వాడు. ఆ మాట కోడలు అంటే నవ్వేవాడు కాదని ముగ్గురికీ తెలుసు.

కిందటి చలికాలం మంగరాజు ట్రైలర్ వెంట రెండుసార్లు మ్లీహా దగ్గర ఎడారికి వెళ్ళారు. శుక్రవారం సాయంత్రం ఉమ ఆఫీసు నుంచి వచ్చి పిండి రుబ్బింది, కూరలు తరిగింది, డబ్బాలు సర్దింది. శనివారం అక్కడికి చేరాక పదకొండు మందికి ఉప్మా, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం బజ్జీలు, రాత్రికి పులావు. కూర్చుందామని నాలుగుసార్లు మడత కుర్చీ దాకా వెళ్ళింది. నాలుగుసార్లూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగారు. అంట్లు ఇసకతో తోమి, మోసుకెళ్ళిన నీళ్ళతో కడిగింది. "చెల్లెమ్మ పులిహోర లేకపోతే ఇది క్యాంపింగ్ ఎలా అవుద్ది బావా?" అన్నాడు మంగరాజు. తిరిగొచ్చేటప్పుడు కారులో బాలసుబ్రహ్మణ్యం, "నీకూ కాస్త రెస్టు దొరికింది" అన్నాడు. అది వెటకారం కాదు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ఆ రాత్రి ఆమె జుట్టులోంచి ఇసక చాలాసేపు దులుపుకుంది.

ఇప్పుడు సొంత ట్రైలర్‌ని లాగే బండి వస్తే ప్రతి శనివారమూ అంతే. శనివారం గురించి ఉమ ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కాత్యాయని ఈత క్లాసుకు వెళ్ళాక, డేరా బజారులో పప్పులు చవకని చెప్పి ఆమె బయల్దేరుతుంది. బస్సులో బర్ దుబాయ్ రేవుకు వెళ్ళి పడవెక్కి క్రీక్ అనే ఉప్పునీటి పాయ దాటుతుంది. పప్పులు పావుగంటలో కొనేసి, గట్టు మీద బల్ల చూసుకుని రెండు గంటలు కూర్చుంటుంది. ఎదురుగా ఇరాన్ వెళ్ళే చెక్క ఓడల్లోకి ఫ్రిజ్‌లు, టైర్లు ఎక్కిస్తుంటారు. అవి చూస్తుంది, ఒక్కోసారి అవీ చూడదు. వేసవిలో అక్కడ కూర్చోలేరు. అక్టోబరు నుంచి మార్చి దాకానే కుదురుతుంది. క్యాంపింగ్ నెలలూ అవే. ఆదివారం నుంచి ఆమె ఏ పని మొదలుపెట్టినా మధ్యలో ఆపి ఇంకో పనిలోకి వెళుతోంది. బట్టలు సగం మడిచి ఫ్రిజ్ తుడిచింది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచి కాత్యాయని యూనిఫాం ఇస్త్రీ చేసింది.

ఆ ఆదివారం సాయంత్రమే షోరూముకు వెళ్ళారు. అమ్మకాల మనిషి అల్లాబకాష్‌ది కడప. తెలుగువాళ్ళని తెలిసి సంతోషించాడు. ఏడు సీట్ల పెద్ద బండి రెండు వేల కిలోలు లాగుతుంది. ఐదు సీట్ల తెల్ల బండి ఏడువందల యాభై. తెల్ల బండికి పైకప్పు అద్దం తెరుచుకుంటుంది. బాలసుబ్రహ్మణ్యం దాన్ని నాలుగుసార్లు తెరిచి మూశాడు. ఏడువందల యాభై అంటే సామానుతో కలిపేనా అని ఉమ అడిగింది. అల్లాబకాష్ జవాబు బాలసుబ్రహ్మణ్యానికి చెప్పాడు. "మేడమ్ బాగా అడగతాండారు సార్. సామానుతో కలిపే." తరవాత ఆమెవైపు తిరిగాడు. "మేడమ్, మీరు సీట్లు సూడండి. పిల్లోల్లు ఏం పోసినా తుడిస్తే పోతాది."

జెబెల్ అలీలో ఆమె పనిచేసే కంపెనీలో, ఉమ తూకం చూసి సంతకం పెట్టందే కంటైనర్ ఓడెక్కదు. ఒకసారి ముదీర్, అంటే మేనేజరే, వచ్చి బతిమాలినా ఆమె సంతకం పెట్టలేదు, కంటైనర్ రేవులోనే ఉండిపోయింది. ఆ ముదీరే మీటింగుల్లో, ఉన్నది ఆమె ఒక్కతే ఆడమనిషి కాబట్టి, చాయ్ చెప్పమని ఆమెనే అడుగుతాడు.

"ట్రైలర్ ఐదువందల అరవై. ఇంకా నూట తొంభై మిగిలింది, చాలదా?" అన్నాడు బాలసుబ్రహ్మణ్యం కారెక్కుతూ.

"అది ఖాళీ ట్రైలర్ బరువండీ."

"మనం ఏం తీసుకెళ్తాం? నాలుగు పరుపులు, నాలుగు కుర్చీలు."

మంగళవారం సాయంత్రం ఉమ కొక్కెం త్రాసు బయటికి తీసింది. ఇండియా వెళ్ళే ముందు ముప్పై కిలోలు దాటకుండా పెట్టెలు తూచుకునే త్రాసది. కిందటేడు మ్లీహాకు ఏవేం తీసుకెళ్ళారో అవన్నీ సంచుల్లో పెట్టి ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించింది. పరుపులు, కుర్చీలు, గుడారం డెబ్బై నాలుగు. ఆయన డ్రోను, స్పీకరు, బ్యాటరీ, బొగ్గుల పొయ్యి, ఇసక మీద జారే చెక్కలు డెబ్బై ఎనిమిది. ఇక వంట సామాను. గ్యాసు బండ, స్టవ్వు, కుక్కర్లు, మూకుడు, బియ్యం, పప్పులు, పిండి బకెట్, ఐసు పెట్టె, వంటకీ అంట్లకీ అరవై లీటర్ల నీళ్ళు. నూట ముప్పై ఒకటి. ఆమె మళ్ళీ కూడింది. అంతే వచ్చింది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రతిసారీ ఆమె ఎత్తి దింపిన బరువది. ఇన్నాళ్ళూ దానికి అంకె లేదు. ఆయన లెక్కలో అసలు ఆ సామానే లేదు.

సోఫాలో కూర్చుని చూస్తున్న రాజ్యమ్మ, "ఏవే, ఇండియా వెళ్తన్నావా?" అంది. కాదు, ట్రైలర్ కోసమని ఉమ చెప్పింది. పెద్దావిడ కాసేపు సంచుల వంక చూసింది.

"మీ మావయ్యగారు ఒకేడు లాంచీ మాటాడి చుట్టాలందర్నీ పాపికొండలు తీసుకెళ్ళారు. ముప్పై మందిమి. కింద గదిలో పొయ్యిలెట్టాం. నేనూ మా తోడికోడలూను. పైనుంచి పిల్లలు అరుస్తున్నారు, కొండలొచ్చాయి రండర్రా అని. అన్నం వార్చే టైమది. వార్చి పైకెళ్ళేసరికి లాంచీ వెనక్కి తిప్పేశారు."

"మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదా అత్తయ్యా?"

"ఎక్కడ? ఇక్కడ అందరూ అడుగుతారు, గోదారోళ్ళు కదా, పాపికొండలు బాగుంటాయా అని. బాగుంటాయనే చెప్తాను." రాజ్యమ్మ కాళ్ళు పైకి ముడుచుకుంది. "నేను చూళ్ళేదు. నువ్వు మాత్రం ఏం చూస్తావులే."

అది ఎత్తిపొడుపో, జాలో ఉమకు తెలియలేదు. ఆ మాట మాత్రం బుధవారమంతా ఆఫీసులో ఆమెతోనే ఉంది.

బుధవారం సాయంత్రం ఆమె ఆ తూకాల లెక్క వేసిన షీటు భర్తకు చూపించింది. పై వరసల్లో సామాను. కింది వరసలో కారులో కూర్చునే నలుగురి పేర్లు, బరువులు. ట్రైలర్ మొత్తం ఎనిమిది వందల నలభై మూడు. తెల్ల బండికి తొంభై మూడు ఎక్కువ. ఆయన అద్దం కప్పు గురించి ఒక నిట్టూర్పు విడిచాడు. తరవాత ముఖం విప్పారింది.

"సరే, పెద్ద బండే తీసుకుందాం. నాకేం పర్లేదు. నీకు వంటకి ఇబ్బంది ఉండకూడదు. అప్పుడు ఒవెన్ కూడా పట్టుకెళ్ళొచ్చు. ఒక రోజు సెలవు కలుపుకుని మూడు రోజులుండొచ్చు. మంగరాజు వాళ్ళని సామాన్లు తేవద్దని చెప్తాను, మన దగ్గరే తింటారు. నువ్వు ఫైనల్ చేసి పంపు, శుక్రవారం టోకెన్ ఇచ్చేస్తాను."

ఆయన తనకు నచ్చిన బండి వదులుకున్నాడు, అదీ ఆమె కోసం. ఉమ షీటు మూసి సింకు దగ్గరికి వెళ్ళింది. గిన్నెలు కడుగుతుంటే ఒక విషయం తేటపడింది. తన తూకం సరైనదే. ఆ సరైన తూకమే చూపించి, ఇంకో పదేళ్ళపాటు తన వంటింటిని ఎడారికి లాక్కెళ్ళే బండిని తనే ఎంపిక చేయబోతోంది.

గురువారం భోజనం వేళ ఆఫీసులో షీటు తెరిచింది. డబ్బా మూత తీయలేదు. వంట సామాను వరసలన్నీ చెరిపేసింది. మొత్తం ఏడువందల పన్నెండు అయింది. పైన తెల్ల బండి పేరు రాసింది. కింది వరస దగ్గర వేలు కాసేపు ఆగింది. అక్కడ కూడా ఒక మార్పు చేసి, పంపేసింది. కుర్చీలోంచి లేచి నీళ్ళ మెషిన్ దాకా నడిచి, నీళ్ళు పట్టకుండానే వెనక్కి వచ్చింది.

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది.

"తెల్ల బండి ఎలా సరిపోయిందా అని చూస్తే వంట సామానంతా తీసేశావు. మరి వంట ఎలాగ?"

ఆయన ఇంకా ఏదైనా అడుగుతాడేమోనని ఉమ చూసింది.

"స్టవ్వూ నీళ్ళూ లేకుండా అక్కడ ఏం తింటాం? మంగరాజు వాళ్ళకి ఇప్పటికే చెప్పేశాను. షీటు మళ్ళీ సరిగ్గా చేసి పంపు."

"సరిగ్గానే ఉంది. మీరు పైవరకే చూశారు" అంది ఉమ. "కింద వరస కూడా చూడండి."

ఫోన్లో ఆయన మౌసు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ వరసలో మొదటి పేరు ఆయనది, రెండోది రాజ్యమ్మది, మూడోది కాత్యాయనిది. నాలుగోది లేదు.