అవతలి చివర

తాడును కుడిచేతికి రెండు చుట్లు తిప్పుకుని, ఎడమ అరచేతిని ఇటుక గోడకు ఆనించి, పైపు మూతి దగ్గర నోరు పెట్టి బావ "ఊఁ" అన్నాడు.

గోడలోపలి నుంచి జవాబు వచ్చింది. "లాగు."

లాగాడు. తాడు వచ్చింది. తాడు చివరి ముడి వచ్చింది. ముడి వెనక తెల్లటి పొడి రాలుస్తూ కేబుల్ తల వచ్చింది. పైపులో ఒరుసుకోకుండా జారడానికి కింద ఉన్న బావమరిది కేబుల్‌కు ముఖానికి రాసుకునే పౌడరు పూస్తాడు. వాళ్లు పనిచేసిన ఏ ఇల్లయినా, రంగులు వేసేదాకా చంటిపిల్లలున్న ఇంటి వాసన వస్తుంది.

"చాలు" అన్నాడు బావ.

"మూరెడు వదిలావా?"

"వదిలాను."

"నీ మూరా, నా మూరా?"

"నా మూరే."

"అయితే యజమాని కొంప మునిగినట్టే."

బావ నవ్వలేదు కానీ, పళ్ల మధ్య పట్టుకున్న టేపు ముక్క కదిలింది. మిగిలిన కేబుల్‌ను చుట్టగా చుట్టి, టేపు వేసి, గోడలో బిగించిన పెట్టెలో కూర్చోబెట్టాడు. పైన అట్టముక్క మూశాడు. లేచేటప్పుడు ముందు ఎడమకాలు నిలబెట్టి, దాని మీద బరువు వేసి, తర్వాత కుడికాలు లేపాడు. నిచ్చెన మీంచి పడి విరిగిన కాలు అది. అతుక్కుంది కానీ మోకాలి దగ్గర మాట వినదు.

ఇల్లు రెండంతస్తులు. గోడలకు ఇంకా పూత పడలేదు. ప్రతి గదిలోనూ ఇటుకల్లో గాడి కొట్టి, గాడిలో పైపులు పరిచి ఉన్నాయి. దీపాలకు, కర్టెన్లకు, తలుపు తాళానికి, వాకిట్లో కెమెరాకు వేర్వేరు కేబుళ్లు. అన్నీ నడిచి నడిచి మెట్ల కింద ఉన్న చిన్న అరలో కలుస్తాయి. ఆ అరలో ఒక యంత్రం పెడతారు. ఇంట్లోవాళ్లు ఉన్నచోటి నుంచి ఒక్క మాట అంటే దీపం వెలుగుతుందని యజమాని మొదటిరోజు చెప్పాడు.

"మా బావకు వంటింట్లో దీపం ఆర్పమని ఎన్నేళ్లుగానో చెబుతున్నా సారూ" అన్నాడు బావమరిది. "మీ గోడ నయం. ఒక్కమాటకే వింటుంది."

యజమాని నవ్వాడు. అప్పటినుంచి ఆయన కూడా అతన్ని బావ అనే పిలుస్తున్నాడు. రోజంతా గోడల్లోంచి "బావా, ఆపు", "బావా, వదులు" అని వినిపిస్తూంటే ఎవరికైనా అదే నోటికొస్తుంది. ఏ సైటుకు వెళ్లినా ఆ మొదటి వారంలోనే ఇటుకలు మోసేవాళ్ల దగ్గరనుంచి అందరికీ అతను బావ అయిపోతాడు.

నిజానికి ఆ పిలుపు హక్కు ఒక్కడిదే. వాడు అక్క ఇంటికి నాలుగు రోజులుండి పోదామని వచ్చినవాడు. వైరింగ్ పని నేర్చుకుంటానని ఉండిపోయాడు. అప్పట్లో పనంటే బల్బులు, ఫ్యాన్లు. తర్వాత ఈ సన్న కేబుళ్లు వచ్చాయి. ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. బావ పొడగరి, చెయ్యి బారు, కాబట్టి లాగడం అతనిది. బావమరిది పొట్టి, మెట్ల కింద వంగకుండా పడతాడు, కాబట్టి తొయ్యడం వాడిది. ఒకరి కొస ఒకరికి కనపడదు. ఇంట్లో పిల్లలు లేరు. అక్క మంచం పట్టినప్పుడు తల దువ్వి జడ వేసింది తమ్ముడే. ఆమె పోయాక ఇంట్లో ఇద్దరు మగాళ్లు మిగిలారు. ఒకరు వండితే ఒకరు గిన్నెలు తోముతారు. మాటలు ఎక్కువ ఉండవు. రోజు మొత్తంలో వాళ్లు మాట్లాడుకునేది పైపుల్లోంచే.

ఇవాళ్టితో అదీ అయిపోతుంది. మధ్యాహ్నం బస్సుకు బావమరిది వెళ్తున్నాడు.

వాడు పెళ్లి చేసుకోబోయే ఆమె దర్జీ పని చేస్తుంది. అక్క మంచంలో ఉన్నప్పుడు, వెనకనుంచి తొడిగే వీలుండేలా వదులు బట్టలు కుట్టి తెచ్చేది. అప్పటి పరిచయం. తర్వాత తన ఊరు వెళ్లి సొంతంగా కొట్టు పెట్టుకుంది. మొదట పెళ్లి అనుకున్నప్పుడు అక్క పోయింది. రెండోసారి అనుకున్నప్పుడు బావ కాలు విరిగింది. మూడోసారి, నిన్న రాత్రి, ఆమె ఫోనులో అన్న మాట బావ కూడా విన్నాడు. బావమరిది అన్నం కలుపుతూ ఫోను పళ్లెం పక్కన పెట్టి, గట్టిగా వినపడేటట్టు ఉంచాడు.

"ఈసారి ఎవరి కాలు విరిగినా సరే. ఎల్లుండి పొద్దున రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర పెళ్లి సంతకానికి ఉండాలి. లేకపోతే ఇంక నాకు ఫోను చెయ్యొద్దు."

"ఎవరి కాలూ అంటే మా బావ కాలే కదా" అన్నాడు వాడు.

"ఆయనకు కూడా చెప్పు."

"వింటున్నాడు."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. తర్వాత "కులాసానా అన్నయ్యా?" అంది. బావ "ఆఁ, కులాసానేనమ్మా" అన్నాడు.

ఈ ఉదయం సైకిళ్లు ఆనిస్తూ బావమరిది అన్నాడు. "పని సగంలో వదిలి పోయినవాడినని అనిపించుకోను బావా. అన్ని కేబుళ్లూ పడితే పోతా. నువ్వు వెళ్లొద్దన్నా ఆగుతా."

"నేనెందుకంటానురా."

"అనవు. అందుకే చెబుతున్నా."

అన్నిటిలోకీ మిగిలింది పైన మూలగది పైపు. స్లాబు పోసిన రోజు ఎవరి కాలో తగిలి దాని మూతికి కుక్కిన గుడ్డ ఊడింది. లోపలికి సిమెంటు దిగి గట్టిపడింది. అందులో ముందే వేసి ఉంచిన తాడు కూడా సిమెంటులో బిగిసి, లాగితే తెగి వచ్చింది. ఇప్పుడు ఉన్న దారి స్ప్రింగు ఒక్కటే. చుట్టగా ఉండే ఉక్కు తీగ, చివర చిన్న కొక్కెం. కింద నుంచి దాన్ని తోస్తూ, తిప్పుతూ, సిమెంటును కొద్దికొద్దిగా గీకాలి. అది పైకి వస్తే దానికి తాడు కట్టి కిందికి పంపాలి. కింద తాడుకు కేబుల్ కడితే, పైన లాగాలి.

తాపీమేస్త్రీ గది గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో తాపీ.

"ఏం బావగారూ, మీ దారాల పని తెమిలిందా? మావాళ్లు సిమెంటు మాలు కలపడానికి కూర్చున్నారు."

"ఇదొక్కటీ ఉంది."

"టీ తాగొస్తాం. అప్పటికీ తేలకపోతే ఈ గోడ వదిలేస్తా. పక్క సైటు చూసుకుని ఎల్లుండి వస్తాం. ఈలోగా మీరు నేల పగలగొట్టుకుంటారో, పైకప్పు పగలగొట్టుకుంటారో మీ ఇష్టం."

ఎల్లుండి. మేస్త్రీ దిగిపోయిన తర్వాత కూడా బావ ఆ మాట దగ్గరే ఉన్నాడు. నేల పగలగొట్టి కొత్త పైపు వెయ్యడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

అతను మోకాలు చాపుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. పైపులో గరగరమని శబ్దం వస్తోంది. ఆగుతోంది. మళ్లీ వస్తోంది. మధ్యలో బావమరిది ఊపిరి కూడా వినిపిస్తోంది.

"రాలుతోంది బావా. నెత్తినిండా సిమెంటే. ఆమె నన్ను చూసి ముసలాడనుకుంటుంది."

"కడుక్కుని పో."

"కడిగితే మాత్రం తెల్లబడ్డవి నల్లబడతాయా?"

గరగర దగ్గరైంది. తర్వాత శబ్దమే లేకుండా, పైపు మూతిలోంచి కొక్కెం తొంగిచూసింది. దానికి బూడిదరంగు పొడి అంటుకుని ఉంది.

ఇప్పుడు బావ దాన్ని పట్టుకుని "వచ్చింది" అనాలి.

అతను పైపు మూతి మీద బొటనవేలు పెట్టాడు.

కింద నుంచి తోపు వచ్చింది. కొక్కెం వేలికి గుచ్చుకుంది. వేలు తియ్యలేదు.

"వచ్చిందా బావా?"

"లేదు."

తీగ కాస్త వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి నెమ్మదిగా వచ్చి, వేలికి తగిలి, అక్కడే ఉంది.

"పట్టేసిందిరా" అన్నాడు బావ. "రాయిలా ఉంది. ఇవాళ తెమిలేది కాదు."

పైపులో చప్పుడు లేదు. బయట మేస్త్రీ మనుషులు టీ గ్లాసులు కడుగుతున్నారు. ఎవరో దగ్గారు. బావ చెంప గోడకు ఆనించాడు. ఇటుక చల్లగా ఉంది.

"బావా."

"ఊఁ."

"సిమెంటైతే తీగ టక్కున ఆగుతుంది. చెయ్యి జిల్లుమంటుంది. ఇది మెత్తగా ఆగింది."

బావ వేలు ఇంకా మూతి మీదే ఉంది.

"మొదటిసారి తోసినప్పుడే తెలిసింది. రెండోసారి ఊరికే తోశా. తీస్తావేమోనని."

బావ బొటనవేలి అంచున నెత్తురు కనపడింది. 

"గుచ్చుకుందా?"

"కొంచెం."

"ఉండమంటే ఉంటా బావా. కానీ నోటితో అను. ఆ పాపం పైపు మీద పెట్టకు."

ఒక్క మాట చాలు. పైపు మూతి పెదవులకు జానెడు దూరంలో ఉంది. కింద వాడు కూడా అలాగే, చెవి పైపుకు ఆనించి, మెడ ఒక పక్కకు వంచి కూర్చుని ఉంటాడని బావకు తెలుసు. అక్క మంచం పక్కన కూడా అలాగే కూర్చునేవాడు. చివరిరోజుల్లో ఆమె మాట పైకి వచ్చేది కాదు. ఆమెకు ఏం కావాలో వాడికే అర్థమయ్యేది. నీళ్లంటోంది బావా. కిటికీ తియ్యమంటోంది బావా. నువ్వు అన్నం తిన్నావా అని అడుగుతోంది బావా.

మెట్ల మీద మేస్త్రీ అడుగులు వినిపించాయి.

బావ వేలు తీశాడు. తీగ ఒక్కసారిగా బెత్తెడు బయటికి వచ్చి వణికింది. దాన్ని పట్టుకున్నాడు.

"వచ్చింది" అన్నాడు.

"తాడు కట్టు."

కట్టాడు. వేలి నెత్తురు తాడుకు కొంచెం అంటింది. తాడు కిందికి పోయింది. కాసేపటికి "లాగు" అని వినపడింది. రెండు చేతులతో లాగాడు. ఎక్కడా పట్టలేదు. పౌడరు వాసన వచ్చింది, తర్వాత కేబుల్ వచ్చింది.

"చాలు."

"మూరెడు?"

"వదిలాను."

 మేస్త్రీ లోపలికి వచ్చి, కూర్చున్న మనిషిని, చేతిలో కేబుల్‌ను చూసి, వెనక్కి తిరిగి "మాలు కలపండ్రా" అని కేకేశాడు.

"వస్తా బావా" అంది గోడ.

"ఊఁ." బావ పైపు మూతికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "ఆ అమ్మాయికి చెప్పు. ఇద్దరూ కలిసి రమ్మన్నానని."

"చెప్తా. వంటింట్లో దీపం ఆర్పు."

బావ కేబుల్ చుట్టి, టేపు వేసి, పెట్టెలో కూర్చోబెట్టాడు. అట్టముక్క మూశాడు. కింద చీపురు చప్పుడు, తర్వాత నీళ్ల చప్పుడు ఆగిన కాసేపటికి ఎడమకాలి మీద లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. కిటికీకి ఇంకా రెక్కలు లేవు. బావమరిది సంచి భుజాన వేసుకుని, ఉతికిన చొక్కాలో, రోడ్డు చివర మలుపు దగ్గర ఉన్నాడు. జుట్టు తడిగా ఉంది. పరుగులాంటి నడక. మలుపు తిరిగాడు.

వెనక మేస్త్రీ మొదటి తాపీడు మాలు గోడకు కొట్టాడు. గాడిలో పైపు సగం కనపడకుండా పోయింది. రెండో తాపీకి మొత్తం పోయింది.

బావ మెట్లు దిగాడు. కింది అరలో కేబుళ్లన్నీ దువ్వినట్టు వరసగా కట్టి ఉన్నాయి. నేల ఊడ్చి ఉంది. మూల ఒక పైపు వంపుకు వాడు పనిలో వేసుకునే చొక్కా తగిలించి ఉంది, భుజాల మీద సిమెంటు పొడి, వీపున ఇంకా ఆరని చెమట.