అక్షత అనే స్నేహితురాలు

సిద్దమ్మ పత్తిలో చిక్కుకున్న ఎండాకుల్నీ కాయ పెంకుల్నీ ఏరి పక్కన పడేస్తోంది. పెళ్లై ఆదోనికి వచ్చినప్పటి నుంచీ జిన్నింగు మిల్లులో అదే పని. కనురెప్పల మీద, చెవుల వెనక తెల్లటి నూగు పేరుకుంది. వేళ్లు ఎంత గరుకుదేలాయంటే నున్నటి చీరను తాకితే పోగులు లేస్తాయి. భర్త యేసేపు చనిపోయాక ఆ చేతులే ఇంటిని ఈడ్చుకొచ్చాయి. తోడంటే తమ్ముడు సుధాకరే. ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. కూతురు హెప్సిబా ఇంటరులో చేరితే ఫోను కొనిచ్చిందీ, వాడటం నేర్పిందీ అతనే.

మధ్యాహ్నం అనురాధ అనే మహిళా పోలీసు మిల్లుకు వచ్చి, సద్ది తింటున్న కూలీల మధ్య కూర్చుంది.

"ఫోన్లో పిల్లల్ని వలలో వేసుకునేటోడు మొదట్లోనే బెదిరించడమ్మా. ప్రేమగా మాట్లాడతాడు. ఆడపిల్ల పేరు పెట్టుకుంటాడు. 'మీ అమ్మకు సెప్పద్దు' అంటాడు. అట్లాంటిది బయటపడితే పిల్లను కొట్టాకండి. మెసేజులు తుడిపెయ్యకుండా మా దగ్గరికి తీసుకురాండి."

సిద్దమ్మ చేతిలో ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసింది. కొన్నాళ్లుగా ఫోను మోగితే చాలు, హెప్సిబా ఉలిక్కిపడుతోంది.

సాయంత్రం ఇంటికి పోగానే కూతురి పక్కన కూర్చుని తల నిమిరింది. "నిన్నేమీ అనను. ఎవరు పాపా?"

హెప్సిబా భోరుమంది. అక్షత అనే స్నేహితురాలట. ఎన్నడూ చూసింది లేదు. కష్టసుఖాలన్నీ చెప్పుకుంది, అడిగితే తన ఫోటో పంపింది. ఇప్పుడు దాన్ని అసహ్యంగా మార్చి అందరికీ పంపుతానని బెదిరిస్తోంది. ఆదివారం ఒంటరిగా ఎమ్మిగనూరు బస్టాండుకు రమ్మంటోంది. చివరి మెసేజు చదివి వినిపించింది:

"మీ అమ్మ నిన్ను కర్నూలు నర్సింగుకు పంపాలని చూస్తాంది. పోనని మొండికెయ్యి."

చదివి తల్లి వైపు చూసింది. "నర్సింగు ఏందిమ్మా? నాకు సెప్పనే లేదే?"

సిద్దమ్మ చెయ్యి కూతురి తల మీదే ఆగిపోయింది. సీటు వస్తుందో రాదోనని ఆ సంగతి కూతురికే చెప్పలేదు. చెప్పింది ఒక్కడికే.

మిల్లులో ఇచ్చిపోయిన నంబరుకు, అనురాధకు ఫోను చేసింది.

సామాన్ల కోసం ఆదోనికొచ్చిన సుధాకర్ కాసేపటికి అలవాటుగా తిండికి వచ్చాడు. చిన్నప్పుడు చంక దించకుండా ఆమె పెంచిన తమ్ముడు. పళ్లెం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అక్షత ఎవరప్పా?"

నములుతున్న దవడ ఆగింది. "యాడి అక్షత?"

"నర్సింగు మాట నీకొక్కనికే సెప్పినా గదరా."

అతను గుమ్మం వైపు చూశాడు. "తమాసకు సేసినా అక్కా. పోలీసోళ్లకు సెప్పాకు. పాప పరువు పోతాది."

"పాప పరువు యాడికీ పోదు. పోయింది నా తమ్ముడు."

హెప్సిబా లోపలి నుంచి వచ్చి తల్లి భుజం పట్టుకుని నిలబడింది.

పోలీసులు రాగానే సుధాకర్ లేచి వాళ్ల వెంట నడిచాడు. అక్క ముఖం చూడలేదు. జీపు చప్పుడు సందు మలుపులో సన్నగిల్లింది. సిద్దమ్మకు ఏడుపు రాలేదు. పళ్లెం తీయబోయి వంగినదల్లా అలాగే ఉండిపోయింది. అందులో సగం తిన్న జొన్నరొట్టె, పక్కనే తమ్ముడికని ఆమె అరచేత్తో చితక్కొట్టి పెట్టిన ఉల్లిగడ్డ.